లెన్స్ మౌంట్: ఔత్సాహికుల ఎంపికను శాసించిన వలయం

ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు పరికరాలను ఎంచుకోవడం, కాలక్రమంలో మెరుగైనవాటికి మారడం అనే వ్యవహారాన్ని సాధారణంగా కెమెరా బాడీల చరిత్రగానే చెబుతారు. కాని గత తొంభై ఏళ్లలో ఆ ఎంపికను బాడీ కన్నా ఎక్కువగా శాసించింది బాడీకి లెన్సును బిగించే లోహపు వలయం, అంటే మౌంట్. పాత లెన్సులు కొత్త కెమెరాకు పనికి వస్తాయా రావా అన్నది తేల్చేది అదే కనుక, ఏ కంపెనీ కెమెరా కొనాలన్న నిర్ణయం చాలామంది విషయంలో మొదటి కొనుగోలుతోనే చాలావరకు జరిగిపోయేది.

తొలినాళ్లలో ఈ ప్రశ్నే లేదు. 1888లో 25 డాలర్లకు వచ్చిన కొడాక్ కెమెరాలోనూ, 1900లో ఒక్క డాలరుకే అమ్మిన బ్రౌనీలోనూ లెన్సు బాడీలో అంతర్భాగం కావడంతో, మెరుగైనది కావాలంటే కెమెరా మొత్తాన్ని మార్చుకోవలసిందే. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కూడా మొదట స్థిరమైన లెన్సుతోనే వచ్చింది. 1930లో మరలాగా తిప్పి బిగించే 39 మిల్లీమీటర్ల మౌంట్ వచ్చినా ప్రతి లెన్సునూ దాని బాడీకే సరిచేసి ఇచ్చేవారు. మరుసటి ఏడు కొలతలను ప్రమాణీకరించిన తరువాతే ఏ లైకా లెన్సైనా ఏ లైకా బాడీకైనా సరిపోయే స్థితి ఏర్పడింది.

ఆ కొలతల్లో కీలకమైనది ఫ్లాంజ్ దూరం, అంటే లెన్సు ఆనుకునే వలయం నుంచి ఫిల్ము వరకు ఉండే దూరం. లెన్సు తనకు నిర్దేశించిన దూరం కన్నా ఏమాత్రం ముందుకు జరిగినా దూరాన ఉన్న కొండలు, చుక్కలు స్పష్టంగా ఫోకస్ కావు. లెన్సు చూపే దృశ్యాన్నే అద్దం ద్వారా వ్యూఫైండర్‌కు చేర్చే ఎస్ఎల్ఆర్ కెమెరాలలో, ఆ అద్దం పైకి లేవడానికి చోటు కావాలి కనుక, ఈ దూరం ఎక్కువగా ఉంచక తప్పలేదు. 1949 నాటి కాంటాక్స్ ఎస్‌తో తూర్పు జర్మనీలో వాడుకలోకి వచ్చి, తరువాత సోవియట్, జపాన్ తయారీదారులూ స్వీకరించిన ఎం42 మౌంట్‌కు అది 45.46 మిల్లీమీటర్లు. ఒక దేశపు లెన్సును మరో దేశపు బాడీకి బిగించుకునే వీలుండటంతో తక్కువ ఖర్చులో పరికరాలు సమకూర్చుకునేవారికి ఈ మౌంట్ చాలాకాలం అండగా నిలిచింది.

అయితే మర మౌంట్‌లో లెన్సును పలుమార్లు తిప్పితే గాని బిగుసుకోదు. పైగా అది ప్రతిసారీ కచ్చితంగా ఒకే కోణంలో ఆగుతుందన్న హామీ లేకపోవడంతో లెన్సుకూ బాడీకీ మధ్య సమాచారం పంపే లంకెలను అమర్చడం కష్టమయ్యేది. ఈ కారణంగా, రెక్కలను గాడిలో పెట్టి కొద్దిగా తిప్పగానే టక్కుమని బిగుసుకునే బాయొనెట్ మౌంట్‌లు దాని స్థానాన్ని ఆక్రమించాయి. నికాన్ 1959లో ఎఫ్ మౌంట్‌ను ప్రవేశపెట్టింది. పెంటాక్స్ 1975లో కె మౌంట్‌కు మారుతూ ఫ్లాంజ్ దూరాన్ని మాత్రం 45.46 మిల్లీమీటర్లుగానే ఉంచినందువల్ల, పాత ఎం42 లెన్సులు సన్నని అడాప్టర్‌తో కొత్త బాడీల మీద పనిచేశాయి.

ఆటోఫోకస్ ఈ కొనసాగింపును దెబ్బతీసింది. మినోల్టా 1985లో 7000 మోడల్‌తోపాటు కొత్త మౌంట్ తెచ్చి పాత లెన్సులను వదిలేసింది. లెన్సులోనే మోటారు పెట్టి, విద్యుత్ సంకేతాలతో దాన్ని నడిపించే ఇఎఫ్ పద్ధతిని కానన్ 1987లో ఎంచుకుంది. దాని ఫ్లాంజ్ దూరం 44 మిల్లీమీటర్లు, పాత ఎఫ్‌డి లెన్సులకు కావలసింది 42 మాత్రమే కావడంతో, అదనపు గాజు లేని ఏ అడాప్టర్‌తోనూ వాటిని దూరదృశ్యాలకు ఫోకస్ చేయడం కుదరలేదు. ఎన్నో ఏళ్లుగా ఎఫ్‌డి లెన్సులు కూడబెట్టుకున్నవారికి ఇది పెద్ద నష్టమే. నికాన్ పాత మౌంట్‌ను నిలుపుకున్నా, బాడీలోని మోటారుతో ఫోకస్ అయ్యే తొలి ఆటోఫోకస్ లెన్సులు, ఆ మోటారును తొలగించిన 2006 నాటి డి40 వంటి చవక బాడీల మీద చేత్తో తిప్పి ఫోకస్ చేయవలసిన లెన్సులుగా మిగిలాయి. లెన్సు బిగుసుకోవడం వేరు, పూర్తిగా పనిచేయడం వేరు అన్న సంగతి కొత్తగా కొనేవారికి అక్కడే తెలిసివచ్చింది.

పానసోనిక్ జి1తో 2008లో మొదలైన మిర్రర్‌లెస్ కెమెరాలు అద్దాన్నే తీసేయడంతో ఫ్లాంజ్ దూరం బాగా తగ్గింది: 2010 నాటి సోనీ ఇ మౌంట్‌కు 18, 2018లో వచ్చిన కానన్ ఆర్ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16 మిల్లీమీటర్లు. మిగిలిన ఖాళీలో అడాప్టర్ ఇమిడిపోతుంది కనుక, 1987లో నిరుపయోగమైన ఎఫ్‌డి లెన్సులు, అంతకు ముందరి ఎం42 లెన్సులు చేత్తో ఫోకస్ చేసుకునేవారికి మళ్లీ అక్కరకొచ్చాయి.

ఈ చరిత్ర చెప్పే తీర్పు ఒక్కటే. సెన్సర్లు, బాడీలు కొన్నేళ్లకే పాతబడతాయి, మంచి లెన్సులు దశాబ్దాలు మన్నుతాయి. అందువల్ల తొలి కెమెరా కొనేవారు బాడీ సామర్థ్యాల కన్నా ముందు దాని మౌంట్‌నూ, ఆ మౌంట్‌కు దొరికే కొత్త, పాత లెన్సులనూ పరిశీలించడం మేలు.