జింక వేట తూటాలు: ధర్మపురిలో ఏది నేరం, అమెరికాలో ఏది ఎంచుకోవాలి

మన ధర్మపురి, కృష్ణగిరి తెలుగు ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. అక్కడ తోటి ఉద్యోగులతో జింక వేటకు వెళ్ళేవారూ ఉన్నారు. ఏ రైఫిల్ కొనాలి, ఏ తూటా వాడాలి అని ఇంట్లో మాట వస్తుంది. తాతల కాలం కబుర్లూ వస్తాయి. చట్టం మాత్రం అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి. అందుకే రెండింటినీ ఒకచోట చెబుతున్నాము.

ఇక్కడి చట్టం

1954లో వచ్చిన కెన్నెత్ ఆండర్సన్ మొదటి పుస్తకంలో జవలగిరి పులి కథ ఉంది. ఆయన చేతి రైఫిల్ .405 వించెస్టర్. ఆ కాలం ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల దుప్పి, కణితి, కృష్ణజింక, దేన్ని వేటాడినా నేరమే. సాధారణంగా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు జంతువును ఎక్కడ వేటాడినా, ఏ జంతువునైనా అభయారణ్యంలో వేటాడినా మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. మన పక్కనున్న కావేరి ఉత్తర అభయారణ్యం 2014లో, కావేరి దక్షిణ అభయారణ్యం 2022లో ఏర్పడ్డాయి. నేరం రుజువైతే తుపాకీ లైసెన్సు రద్దు చేసి, అయిదేళ్ళ వరకు మళ్ళీ ఇవ్వకూడదని కోర్టు ఆదేశించవచ్చు.

అడవి పందులు చేను పాడుచేసినా మనమే కాల్చే వీలు లేదు. 2025లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించిన పద్ధతి ప్రకారం రిజర్వు అడవికి మూడు కిలోమీటర్ల అవతలికి వచ్చిన పందులను శిక్షణ పొందిన అటవీ సిబ్బందే కాల్చాలి. రైతు చేయవలసింది అటవీ శాఖకు ఫిర్యాదు ఇవ్వడమే.

ఇంట్లో పాత తుపాకీ ఉంటే

పంట కాపలాకు మందు కూరే నాటు తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఇచ్చే వీలుంది. లైసెన్సుదారు చనిపోతే తుపాకీని ఇంట్లో దాచకూడదు. పోలీసు స్టేషనులోగాని, లైసెన్సున్న డీలరు వద్దగాని అప్పగించాలి. వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకీ పాతికేళ్ళు ఆయన పేరున ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడు అడగవచ్చని 2016 నియమాలు చెబుతున్నాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే.

ఇంట్లో తూటాలు నింపడం తయారీ కిందికి వస్తుంది. తయారీకి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు దానికి చాలదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు

ముందు వీసా చూసుకోవాలి. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని, తూటాగాని దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఆ దేశంలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు చేతికొచ్చాకే రైఫిల్ మాట.

టెక్సాస్‌లో మన చుక్కల దుప్పే ఉంది. 1930లలో తీసుకుపోయి వదిలారు. అక్కడ అది బయటి జంతువు కాబట్టి ప్రైవేటు భూమిలో ఏడాది పొడవునా వేటాడవచ్చు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం తప్పవు.

తూటా, గుండు ఎంపిక

కొత్త రకాల్లో 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ జింకకు చాలు. వెనక్కి తన్నడం తక్కువ. దాని గుండు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఒహాయో వంటి రాష్ట్రాల్లో జింక వేటకు నిలువు గోడల తూటాలనే అనుమతిస్తారు. అక్కడికి 2019లో వచ్చిన .350 లెజెండ్ సరిపోతుంది. దాన్ని రెండు వందల గజాల లోపే వాడాలి.

గుండు రెండు పనులు చేయాలి: లోపలికి దిగాలి, విచ్చుకోవాలి. చిన్న జంతువుల కోసం చేసిన పలుచని గుండు పైనే పగిలిపోతుంది. పూర్తి రాగి కవచమున్న సైనిక గుండు సూదిలా దూసుకుపోతుంది. రెండింటితోనూ జింక గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. మెత్తని ముక్కు గుండు, కవచాన్ని సీసానికి అతికించిన గుండు, పూర్తి రాగి గుండు జింకకు తగినవి. సీసం గుండు ముక్కలు మాంసంలో చెదురుతాయి. గాయం చుట్టూ బాగా కోసి పారేయాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలి. రాగి సీసంకంటే తేలిక కాబట్టి, బరువు ఒకటే అయినా రాగి గుండు పొడవుగా ఉంటుంది. అందుకే ఒక మెట్టు తక్కువ బరువుది తీసుకోవడం మేలు.

సొంతంగా నింపాలంటే

ముందు రెండు మూడు రకాల కంపెనీ తూటాలు కొని నూరు గజాల దగ్గర పరీక్షించాలి. ఖాళీ ఇత్తడి డొల్లలు దాచుకోవాలి. తర్వాత నింపేటప్పుడు ఈ నాలుగు మరవకూడదు:

• మందు, గుండు కంపెనీలు అచ్చువేసిన పట్టికనే వాడాలి. స్నేహితుడు చెప్పిన లెక్క వద్దు.
• గరిష్ఠం కంటే పది శాతం తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి.
• బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. రెండుసార్లు మందు పడిన డొల్ల రైఫిల్‌ను పేల్చేస్తుంది.
• నల్లమందు తుపాకీలో పొగలేని మందు ఎప్పుడూ పోయకూడదు. గొట్టం పగులుతుంది.

ఊరికి వచ్చేటప్పుడు

వేట సంచినే ప్రయాణానికి సర్దుకోవద్దని పిల్లలకు చెప్పండి. సంచి మూలలో మిగిలిన ఒక్క తూటా విమానాశ్రయంలో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు కావచ్చు. కొమ్ములు, తోలు కూడా అక్కడే వదిలి రావాలి.