అశ్వసామర్థ్యం నుంచి కెలోరీ దాకా: ఒక మారకపు విలువ చరిత్ర

ఒక హార్స్‌పవర్ అంటే గంటకు సుమారు 2,545 బీటీయూలు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఒక్క పంక్తిలో ఒదిగిపోయే ఈ మారకాన్ని రాబట్టడానికి శాస్త్రలోకానికి అర్ధశతాబ్దం పట్టింది. 18వ శతాబ్దం చివర ఈ రెండు కొలతలకూ సంబంధమే లేదు. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాలకు సాటి వస్తుందో కొనేవారికి చెప్పడానికి జేమ్స్ వాట్ నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పనిని ఒక హార్స్‌పవర్‌గా లెక్కగట్టాడు. వేడి సంగతి వేరు. అది 'కెలోరిక్' అనే అదృశ్య ద్రవమనీ, దాన్ని పుట్టించడం గానీ నశింపజేయడం గానీ సాధ్యం కాదనీ ఎక్కువమంది పండితులు నమ్మేవారు.

ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగులు తొలిచేటప్పుడు పుట్టే వేడి అతణ్ణి ఆశ్చర్యపరచింది. ఫిరంగి లోహపు దిమ్మను నీటిలో ఉంచి, మొద్దుబారిన తొలిచే పనిముట్టు దానిని ఒరుసుకునేలా గుర్రాలతో తిప్పిస్తే, నిప్పు లేకుండానే రెండున్నర గంటల్లో నీరు మరిగింది. గుర్రాలు తిరిగినంతసేపూ వేడి తరగకుండా వస్తూంటే, అది లోహంలో దాగిన ద్రవం కాజాలదని 1798లో అతను ప్రకటించాడు. ఈ పనికి ఒక్క గుర్రమైనా చాలునని కూడా రాశాడు. అయితే ఎంత పనికి ఎంత వేడి అన్న నిష్పత్తి మాత్రం కట్టలేదు.

ఆ నిష్పత్తిని మొదట ప్రకటించిన వారిలో ముఖ్యుడు ఒక వైద్యుడు. జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో 1814లో పుట్టిన యూలియస్ రాబర్ట్ మాయర్, 1840లో డచ్చి ఓడలో వైద్యుడిగా జావా వెళ్ళాడు. అక్కడ నావికులకు రక్తం తీస్తున్నప్పుడు, సిరలోంచి వచ్చే రక్తం ధమని రక్తమంత ఎర్రగా కనిపించింది. ఉష్ణదేశంలో ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తక్కువ ఆహారం దహనమైతే చాలు, అందుకే సిరల్లో ప్రాణవాయువు మిగిలిపోతోందని అతను తర్కించాడు. ఉక్కపోతలో చర్మానికి రక్తప్రసరణ బాగా పెరగడమే ఆ ఎరుపుకు ముఖ్య కారణమని నేటి శరీరధర్మశాస్త్రం చెబుతుంది. వివరణ సరిగా లేకపోయినా, దాని వెంట వచ్చిన ప్రశ్న సరైనదే: తిన్న ఆహారం నుంచే ఒంటి వేడీ, కండరాల పనీ రెండూ వస్తున్నప్పుడు, వాటి మధ్య స్థిరమైన మారకం ఉండాలి కదా?

1841లో అతను పంపిన తొలి వ్యాసాన్ని పొగ్గెన్‌డార్ఫ్ పత్రిక ప్రచురించలేదు. 1842లో లీబిగ్ పత్రికలో వెలువడిన వ్యాసంలో, 365 మీటర్ల ఎత్తు నుంచి పడిన బరువు, అంతే బరువున్న నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయగలదని తేల్చాడు. అసలు విలువ 427 మీటర్లు. పద్ధతిలో లోపం లేదు; ఆనాటి పట్టికల్లో గాలి విశిష్టోష్ణం ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంది.

ఇంగ్లండులో బీరు తయారీదారు కొడుకు జేమ్స్ జౌల్ అదే విలువను స్వతంత్రంగా, ప్రయోగాలతో వెతికాడు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి 1843లో అతనికి వచ్చిన సగటు 838 అడుగు-పౌన్లు. తరవాత బరువులు కిందికి దిగుతూ నీటిలోని తెడ్లను తిప్పే పరికరం చేశాడు. బరువులను 20 సార్లు దించినా నీటి ఉష్ణోగ్రత పెరిగేది అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న తేడాను పట్టుకుని, 1850లో 772 అడుగు-పౌన్లని ప్రకటించాడు. నేటి విలువ సుమారు 778. అదే వ్యాసంలో రమ్‌ఫర్డ్ పాత ప్రయోగానికి వాట్ హార్స్‌పవర్‌ను అన్వయించి లెక్కిస్తే 1,034 వచ్చింది. గుర్రపు పనికీ నీటి వేడికీ ఆ విధంగా ఒకే కాగితం మీద లెక్క కుదిరింది.

మాయర్‌కు ఆ సంతోషం దక్కలేదు. 1848లో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఘనత ఎవరిదన్న వివాదం మనసును తొలిచింది. 1850లో కిటికీలోంచి దూకి ప్రాణాలతో బయటపడ్డాడు. తరవాత కొంతకాలం పిచ్చాసుపత్రిలో గడపవలసి వచ్చింది. 1862లో జాన్ టిండాల్ లండన్‌లో అతని పక్షాన మాట్లాడాకే ఇంగ్లండులో గుర్తింపు మొదలైంది. రాయల్ సొసైటీ కాప్లీ పతకం 1870లో జౌల్‌కు, 1871లో మాయర్‌కు లభించింది.

1948లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఉష్ణానికి కూడా జౌల్‌నే ప్రమాణంగా స్వీకరించింది. అయినా పాత కొలతలు పోలేదు. ఏసీ 'టన్ను' అంటే 2,000 పౌన్ల మంచును 24 గంటల్లో కరిగించే ఉష్ణప్రవాహం: గంటకు 12,000 బీటీయూలు, దాదాపు 3.5 కిలోవాట్లు. బాయిలర్ హార్స్‌పవరైతే మామూలు హార్స్‌పవర్‌కు 13 రెట్లు!

మాయర్ ప్రశ్న పుట్టిన మానవదేహానికీ ఈ లెక్క వర్తిస్తుంది. రోజుకు 2,000 కిలోకెలోరీలు ఖర్చుచేసే మనిషి సగటున 97 వాట్లు, అంటే హార్స్‌పవర్‌లో దాదాపు ఎనిమిదో వంతు, వెచ్చిస్తున్నట్టు. వ్యాయామశాల సైకిలుపై గంటసేపు 100 వాట్లతో తొక్కితే జరిగే పని 86 కిలోకెలోరీలే. దానికోసం శరీరం నాలుగైదు రెట్లు ఖర్చుచేస్తుంది. మిగిలినదంతా వేడిగా, చెమటగా బయటికి పోతుంది.