హికరీ పాలు, హికరీ బిరుదు

గొడ్డలి కామకు హికరీని మించిన కర్ర లేదని అమెరికాలో పేరు. గట్టిదే, అయినా కాస్త వంగుతుంది; దెబ్బ అదురు చేతికి ఎక్కనివ్వదు. గుర్రపుబండ్ల చక్రాల ఆకులు, తొలి ఫోర్డు కార్ల చక్రాల ఆకులు, 1920ల దాకా గోల్ఫ్ కర్రలు దీంతోనే చేశారు. పంది మాంసానికి పొగబెట్టడానికీ ఈ కట్టెలే.

ఆ గట్టిదనమే ఒకాయనకు బిరుదైంది. 1813లో టెనెసీ సైనికులతో నాచెజ్ చేరిన ఆండ్రూ జాక్సన్‌కు, దళాన్ని అక్కడే రద్దు చేయమని కబురొచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. గుర్రాలను రోగులకిచ్చి, తాను నడుస్తూ, దాదాపు 800 కిలోమీటర్లు అందరినీ వెనక్కి తీసుకొచ్చాడు. సైనికులు ‘ఓల్డ్ హికరీ’ అన్నారు. 1828 అధ్యక్ష ఎన్నికల్లో అభిమానులు ఊరూరా హికరీ స్తంభాలు పాతి మరీ గెలిపించుకున్నారు.

ఈ చెట్టుతో అంతకంటే పాత చుట్టరికం అక్కడి ఆదివాసులైన క్రీకులది, చెరోకీలది. 1770లలో అటు తిరిగిన వృక్షశాస్త్రవేత్త విలియం బార్ట్రమ్, ఒకే క్రీకు కుటుంబం దగ్గర వంద బుషెళ్లకు పైగా, అంటే సుమారు 3,500 లీటర్ల కొలత, హికరీ కాయలు చూశానని రాశాడు. ఈ కాయ పెంకు మొండిది. పప్పు మూలమూలలా ఇరుక్కుని ఉంటుంది. ఒలుస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది గానీ కడుపు నిండదు. అందుకే పెంకుతో సహా దంచి మరిగే నీళ్లలో వేసేవారు. పెంకులు అడుగుకు దిగేవి, జిడ్డు పైకి తేలేది. కొబ్బరిపాలలా వడకడితే చిక్కటి హికరీ పాలు. మొక్కజొన్న వంటలన్నిటికీ అదే రుచి.

1814లో హార్స్‌షూ బెండ్ దగ్గర జాక్సన్ క్రీకులను ఓడించి, ఒప్పందం పేరుతో రెండు కోట్ల పైచిలుకు ఎకరాలు లాగేసుకున్నాడు. ఆ పోరులో చెరోకీలు ఆయన పక్షానే నిలిచారు. ఆ రుణం ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలకు పంపే చట్టంపై 1830లో సంతకం పెట్టాడు. 1838-39లో సైన్యం వెళ్లగొడితే పడమటికి కదిలిన చెరోకీలలో దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా.

చేరిన చోట, తూర్పు ఓక్లహోమా కొండల్లోనూ హికరీ చెట్లున్నాయి. అక్కడి చెరోకీలు ఇప్పటికీ తొలిచిన మొద్దులో ఈ కాయలు దంచి, ఉండలు చుట్టి దాచుకుంటారు. కావలసినప్పుడు ఒక ఉండ మరిగించి వడకట్టి, ఉడికిన మొక్కజొన్నలోనో అన్నంలోనో కలుపుతారు. దాన్ని కనుచీ అంటారు. అందులో ఉప్పు వేయాలా, పంచదార వేయాలా అన్నది ఇంటింటికీ మారుతుంది.