ఎర్త్ లీకేజీ సర్క్యూట్ బ్రేకరు

ఎర్త్ లీకేజీ సర్క్యూట్ బ్రేకరు (ఇ.ఎల్.సి.బి.) అనేది విద్యుత్తు తీగల దారి తప్పి భూమిలోకి పోతున్నప్పుడు సరఫరాను వెంటనే నిలిపివేసే రక్షణ సాధనము. నేడు తయారవుతున్నవి కరెంటులోని తేడాను గుర్తించే రకము. వీటి సరైన పేరు ఆర్.సి.సి.బి. అయినప్పటికీ వాడుకలో పాత పేరే నిలిచిపోయింది.

పనిచేసే విధానం

ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒక గుండ్రని కోరు మధ్యగా పోతాయి. వెళ్ళిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. కొంత కరెంటు మనిషి శరీరం ద్వారా భూమిలోకి పోతే ఈ సమతౌల్యం చెడి, కోరుపై చుట్టిన వేరొక తీగచుట్టలో విద్యుత్తు పుట్టి స్విచ్చి పడిపోతుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. అంత లీకేజీకి అది 0.3 సెకండులోపు తెగిపోవాలి. దూది, నూలు ధూళి పేరుకొనే జిన్నింగు మిల్లుల వంటి చోట్ల అగ్నిప్రమాదాల నివారణకు 300 మిల్లీ ఆంపియర్లవి పనికివస్తాయి.

నల్లరేగడి నేలల్లో ఆవశ్యకత

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పత్తి, మిరప పండే నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. నేల ఎర్త్ కడ్డీని వదిలివేయడం వలన వేసవిలో ఎర్త్ నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు బావి వద్ద స్టార్టరు పెట్టె రేకుకు లోపలికి వచ్చే ఫేజు తీగ తగిలిందనుకుందాం. ఎర్త్ నిరోధం 20 ఓములైతే 230 వోల్టులకు ప్రవహించేది 11.5 ఆంపియర్లే. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. పెట్టె మాత్రం దాదాపు పూర్తి వోల్టేజీతో అలాగే ఉంటుంది. తడి చేతితో ముట్టుకున్న రైతుకు అది ప్రాణాంతకం. అదే చోట 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఉంటే పెట్టెకు ఫేజు తగిలిన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. ఫ్యూజు, ఎం.సి.బి. ప్రధానంగా తీగలను కాపాడేవి, మనుషులను కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

పరిమితులు

ఓవర్‌లోడును ఇది పట్టించుకోదు, కనుక ఎం.సి.బి. కూడా ఉండాలి. పొడి చెక్కపై నిలబడి ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకున్నవారిని ఇది కాపాడలేదు. అడవిపందుల కోసం లైను నుంచి నేరుగా కొక్కెం వేసి అక్రమంగా పెట్టే కరెంటు కంచెలకు బ్రేకరుతో సంబంధమే ఉండదు.

న్యూట్రల్ బదులు ఎర్త్ వాడుకొనే అలవాటున్న చోట, లేదా రెండు సర్క్యూట్ల న్యూట్రల్ తీగలను కలిపివేసిన చోట ఇది పదేపదే పడిపోతుంది. అప్పుడు వైరింగు సరిచేయడానికి బదులు బ్రేకరునే తప్పించడం ఎక్కువగా జరిగే పొరపాటు.

నిబంధనలు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలలో ఎర్త్ లీకేజీ రక్షణను చేర్చింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఎర్తింగు పద్ధతులకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043.

పరీక్ష

బ్రేకరు మీద ఉండే "టి" బటన్ను నెలకొకసారి నొక్కి చూడాలి. ఇది బ్రేకరు యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఎర్త్ తీగ తెగి ఉన్నా బటన్ నొక్కితే బ్రేకరు పడుతుంది, కనుక ఎర్తింగును విడిగా మెగ్గరు తరహా ఎర్త్ టెస్టరుతో వేసవిలో కొలవాలి.