నేరపరిశోధక నవల – బందగీ హత్య

ధ్రువప్రాంతంలో ఒక మారుమూల పల్లె, నెలల తరబడి చీకటి, ఒకరి తరువాత ఒకరుగా మాయమయ్యే మనుషులు. ఇటువంటి నేరపరిశోధక నవల ఒకటి చదివిన నా విద్యార్థి, మన స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతాన్ని గురించి ఇలాంటిది ఎవరూ ఎందుకు రాయలేదని అడిగాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను అభిమానించిన భాషలో ఇది అడగదగిన ప్రశ్నే.

అటువంటి నవలకు దూరం కావాలి, రహస్యం కావాలి. దూరం మాట చూద్దాం. మా స్టేషను మీదుగా బెజవాడ దాకా 1889 నాటికే రైలు నడిచింది. అయినా, నాడు నల్లగొండ జిల్లాలో వుండిన జనగామ తాలూకాలో, 40,000 ఎకరాల భూమీ 60 గ్రామాలపై పెత్తనమూ గల విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి గడీ గడప దగ్గర చట్టం ఆగిపోయింది. ఈ మారుమూలతనం భూగోళం ఇచ్చినది కాదు, భూస్వామ్యం నిర్మించుకున్నది. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ – ఊళ్ళో సర్కారంటే వీరే. వీరు ఎవరి మనుషులో వేరే చెప్పనక్కరలేదు.

ఇక రహస్యం. కామారెడ్డిగూడెం షేక్ బందగీ చిన్న రైతు. దాయాదుల భూమి తగాదాలో దేశముఖు ఎదుటి పక్షాన్ని బలపరచినా అతడు వెరవలేదు. కోర్టుకెక్కాడు, ఏళ్ళ తరబడి తిరిగాడు, గెలిచాడు. 1941లో దొర గూండాలు అతణ్ణి చంపారు. తీర్పు అతనిదే, ప్రాణం మాత్రం అతనికి దక్కలేదు. డిటెక్టివు చివరి అధ్యాయంలో బయటపెట్టే పేరు ఇక్కడ మొదటి రోజే ఊరూరా తెలుసు. లేనిదల్లా ఆ పేరు చెప్పుకొనే చోటు. (ఏ యుగంధర్ వచ్చినా ముందు బస దిగవలసింది గడీలోనే గదా!)

అందుకే ఈ నేరం నాటకాన్ని వెదుక్కున్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మాభూమి'కి బందగీ ఉదంతం ప్రేరణ. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన ఆ నాటకాన్ని మదరాసు ప్రభుత్వం నిషేధించింది. హంతకుడెవరన్న కుతూహలానికి ఏ ప్రభుత్వమూ భయపడదు. తెలిసిన హంతకుణ్ణి ఏం చేయాలన్న ప్రశ్నకు భయపడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే కడవెండిలో మొదలయింది. 1946 జూలై 4న ఊరేగింపుపై దేశముఖు మనుషులు కాల్పులు జరిపారు, దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. జనం చెదరిపోలేదు, గడీ మీదికే నడిచారు.

నేరపరిశోధక నవలను నేను తక్కువ చేయడంలేదు. ఊరి మౌనాన్ని పట్టి చూపగల మంచి నవలలున్నాయి. కాని ఆ మౌనం ఎలా బద్దలవుతుందో చెప్పడం డిటెక్టివు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

జనగామ – సూర్యాపేట దారిలో బందగీ సమాధి వుంది. ఏటా అక్కడ జాతర జరుగుతుంది. ఈసారి పోయి రమ్మని నా విద్యార్థికి చెప్పాను. హంతకుడెవరని అడగవద్దన్నాను. 1941లో అంతమందికి తెలిసీ ఎందుకు ఊరకున్నారో, అయిదేళ్ళకే ఎందుకు ఊరకుండలేకపోయారో, తమ తండ్రుల నోట విన్నది చెప్పమని అక్కడి ముసలివాళ్ళను అడగమన్నాను.