జెన్యూయిన్ నీగ్రో జిగ్: ఒక బాణీకి ఇంటిపేరు తిరిగి దక్కిన ఆల్బమ్

కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి జానపద బృందం. రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ దాని తొలి సభ్యులు. వాళ్ల మొదటి రికార్డు 2006లో మ్యూజిక్ మేకర్ అనే చిన్న స్వచ్ఛంద సంస్థ తెచ్చింది. 2010 ఫిబ్రవరిలో వార్నర్ గొడుగు కింద ఉండే నాన్‌సచ్ రికార్డ్స్ 'జెన్యూయిన్ నీగ్రో జిగ్' విడుదల చేసింది. పెద్ద కంపెనీతో వాళ్లకు అదే మొదటి ఆల్బమ్. మరుసటి ఏడాది సంప్రదాయ జానపద విభాగంలో దానికి గ్రామీ వచ్చింది. ఆ అవార్డు కోసం కాదు, ఆల్బమ్ పేరు వెనకున్న తగాదా కోసం దాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాం.

డాన్ ఎమెట్ ఒహాయో రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌కు చెందిన తెల్లవాడు. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడే 'మిన్‌స్ట్రెల్' ప్రదర్శనలను 1843లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన జట్టులో అతనొకడు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాలు తమ గీతంగా పాడుకున్న 'డిక్సీ' కూడా అతని పేరు మీదే ఉంది. 'అసలైన నీగ్రో నాట్యం' అన్న అర్థంతో ఉన్న ఈ బాణీ అతని స్వరలిపుల్లో దొరికింది. ఏ నీగ్రోది? పేరు లేదు.

ఎమెట్ ఊరి దగ్గరే స్నోడెన్ అనే నల్లజాతి కుటుంబం ఉండేది. తల్లిదండ్రులు మేరీలాండ్‌లో బానిసలుగా పుట్టినవాళ్లు. పిల్లలు ఫిడేలు, బాంజో వాయిస్తూ చుట్టుపక్కల నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ పాడేవారు. 'డిక్సీ'ని ఎమెట్‌కు నేర్పింది వీళ్లేనని బెన్, లూ స్నోడెన్ సోదరుల సమాధిరాయి మీద చెక్కి ఉంది. దీని మీద హోవర్డ్, జూడిత్ శాక్స్ దంపతులు 1993లో ఒక పుస్తకమే రాశారు. చరిత్రకారులందరూ ఈ వాదన ఒప్పుకోలేదు. చాక్లెట్ డ్రాప్స్ మాత్రం తమ పక్షం తేల్చుకున్నారు. ఆల్బమ్‌లో ఆ బాణీ పేరు 'స్నోడెన్స్ జిగ్'. ఎమెట్ పెట్టిన పేరు బ్రాకెట్లోకి వెళ్లింది. అందులో మాటలు లేవు, ఫిడేలు మీద నడిచే నెమ్మది బాణీ. వినేవాడికి ఏ నినాదమూ వినపడదు. నినాదం పేరులోనే ఉంది.

ఈ తగాదా ఒక్క బాణీతో ఆగదు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాద్య పరంపర. సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకునేవారు. మిన్‌స్ట్రెల్ ఆటల్లో అది నల్లవాళ్లను ఎగతాళి చేసే వస్తువైంది. ఆ అవమానం కూడా తోడై చాలామంది నల్లవాళ్లు దాన్ని వదిలేశారు. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల సంగీతాన్ని 'రేస్ రికార్డులు' అనీ, పల్లె తెల్లవాళ్ల సంగీతాన్ని 'హిల్‌బిల్లీ' అనీ విడదీసి అమ్మాయి. నల్ల గాయకుల నుంచి వాటికి బ్లూస్ కావాలి. ఫిడేలు, బాంజో వాయించే నల్ల బృందాలు అటూ ఇటూ కాకుండా పోయాయి. రెండు తరాలు గడిచేసరికి బాంజో తెల్లవాళ్ల వాద్యమనే నమ్మకం స్థిరపడింది.

మన చదువరులకు డప్పు గుర్తుకొస్తుంది. అయితే పోలిక పూర్తిగా కుదరదు. డప్పు ఎవరి చేతుల్లోదో ఎవరూ మర్చిపోలేదు, చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించి గౌరవం మాత్రం ఇవ్వలేదు. బాంజో విషయంలో వాద్యాన్ని తీసుకుని, అది ఎవరిదన్న జ్ఞాపకాన్నే చెరిపేశారు.

ఆ జ్ఞాపకం మిగిలిన కొద్దిమందిలో జో థాంప్సన్ ఒకరు. 1918లో పుట్టి, ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఫిడేలు కళాకారుడు. ముందుతరం నుంచి నేర్చుకున్న బాణీలను ఇంట్లో నిలబెట్టుకున్నాడు. 2005లో బూన్ పట్టణంలో జరిగిన బ్లాక్ బాంజో గ్యాదరింగ్‌లో కలుసుకున్న ఈ యువకులు గురువారాలు మెబేన్‌లోని ఆయన ఇంటికి వెళ్లి, కూర్చుని, ఆయనతో వాయించి నేర్చుకున్నారు. బృందం పేరు కూడా 1930ల నాటి టెనెస్సీ చాక్లెట్ డ్రాప్స్ అనే నల్లవాళ్ల బృందానికి గౌరవంగా పెట్టుకున్నదే.

ఇక నునుపు సంగతి. ఆల్బమ్ నిర్మాత జో హెన్రీ. మన చిడతల్లా వేళ్ల మధ్య ఆడించే ఎముకలు, మూతికి నోరు పెట్టి ఊదే జగ్గు, అడుగుల దెబ్బలు, ప్రతిదీ విడివిడిగా స్పష్టంగా వినిపిస్తుంది. పెద్ద కంపెనీలోకి వెళ్తే మట్టి కడిగేస్తారన్న అనుమానం ఉద్యమాల్లో ఎప్పుడూ ఉంటుంది, మాకూ ఉంది. పన్నెండు పాటల్లో చివరిది టామ్ వెయిట్స్ పాట. అక్కడ నిర్మాత అభిరుచి కాస్త ఎక్కువైందని మా అభిప్రాయం. 'హిట్ ఎమ్ అప్ స్టైల్' సంగతి వేరు. 2001లో బ్లూ కాంట్రెల్ పాడిన ఆర్ అండ్ బీ హిట్ అది. దాన్ని ఫిడేలు, బాంజో, నోటితో కొట్టే బీట్‌బాక్స్ మీదికి తెచ్చారు. నల్లవాళ్ల పాత పాట మ్యూజియంలోది, కొత్త పాట వీధిలోది అన్న విభజన అక్కడ చెల్లదు. కంపెనీలు 1920లలో గీసిన గీతను కంపెనీ రికార్డు మీదే తుడిచారు.

తీరని లోటు ఒకటుంది. ఈ సంగీతానికి వచ్చే శ్రోతల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే. గిడెన్స్ స్వయంగా ఈ మాట పలుమార్లు మాట్లాడింది. పెద్ద లేబుల్ ఆల్బమ్‌ను ప్రపంచమంతా పంపగలిగింది గానీ, బాంజోను వదిలేసిన ఇళ్లకు అంత తేలిగ్గా చేర్చలేకపోయింది.

రాబిన్సన్ 2011లో, ఫ్లెమన్స్ 2013లో బృందం వదిలారు. జో థాంప్సన్ 2012లో 93 ఏళ్ల వయసులో చనిపోయాడు. సెనెగల్ ప్రాంతం నుంచి బానిసగా తెచ్చిన ముస్లిం పండితుడి జీవితం మీద గిడెన్స్, మైఖేల్ ఏబెల్స్ కలిసి చేసిన 'ఒమర్' ఒపెరాకు 2023లో పులిట్జర్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో డరమ్‌లో గిడెన్స్ మొదలుపెట్టిన బిస్కట్స్ అండ్ బాంజోస్ ఉత్సవంలో చాక్లెట్ డ్రాప్స్ మళ్లీ ఒకే వేదిక మీదికి వచ్చారు.