ఇంద్రకీలాద్రి నుంచి చూస్తే.. చల్లపల్లి చేలకు నీళ్లిచ్చే బ్యారేజీ!

చల్లపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా చదునైన వరిచేలే.. కొండ మాటే లేదు. కొండెక్కి చూడాలంటే పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ ఇంద్రకీలాద్రికి రావాల్సిందే. మెట్లదారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. దుర్గమ్మ దర్శనం అయ్యాక కాసేపు ఆగితే కింద కృష్ణమ్మ, ప్రకాశం బ్యారేజీ కనిపిస్తాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోవడంతో 1957 నాటికి ఈ బ్యారేజీ కట్టారు. తూర్పు డెల్టా కాలువలకు నీళ్లు వదిలేది ఇక్కడే. అందుకే సాగు మొదలైతే దివిసీమ రైతుల చూపంతా ఇటువైపే. వానల్లో మాత్రం జాగ్రత్త! 2020 అక్టోబర్‌లో దసరా ఉత్సవాల వేళ ఇక్కడ కొండచరియలు విరిగిపడ్డాయి. గట్టి వాన పడుతుంటే పైకెక్కకుండా కిందే ఆగడం మేలు.